ఆలివ్ పూతకు జోడీ రకం: రెండు గుంపులా, ఆరు యుగ్మవికల్పాలా?

బొబ్బిలి_నర్సరీ: రాజస్థాన్‌లో వేసిన అర్బెక్వినా, బార్నియా, కొరటినా రకాల గురించి చదువుతున్నాను. దేని పక్కన ఏది వేస్తే కాయ నిలుస్తుందన్నదాని మీద ఒక్కో వ్యాసం ఒక్కో మాట. ఏది నమ్మాలి మాస్టారూ?

విజయనగరం_బోటనీ: 2017లో సోమితు-లాప్రాద్ బృందం తేల్చింది రెండే గుంపులని: జీ1, జీ2. ఒకే గుంపు రకాలు ఒకదానికొకటి పనికిరావు, అవతలి గుంపులో ఏదైనా పనికొస్తుంది. ఆలివ్ కుటుంబానికే చెందిన ఫిలీరియాలో ఇదే పద్ధతి 2010లోనే బయటపడింది. (మన పారిజాతం, మల్లె కూడా ఆ కుటుంబమే.) ఆరు యుగ్మవికల్పాల వాదన, అంటే జోడీని నిర్ణయించే జన్యువుకు ఆరు రూపాలున్నాయనేది, బ్రెటన్, బెర్విల్లే అనే పరిశోధకులది. ఆరు రూపాల వాదన ఎక్కువగా నిలిచిన కాయల లెక్క మీద కట్టింది, రెండు గుంపులది కీలాగ్రం (పువ్వులో పుప్పొడి పడే మొన) మీద చూసింది. నా మొగ్గు రెండు గుంపుల వైపే.

పార్వతీపురం_పూత: కాయల లెక్కలో సగం తగువు, బయటి పుప్పొడి పడకుండా పూగుత్తికి కట్టే సంచిదే. ఆలివ్ పుప్పొడి గాలికి పోయేది, దోమతెర గుడ్డ ఆపదు. మొగ్గ విచ్చకముందే రెండు పొరల కాగితం సంచి కట్టి, మూతి దగ్గర దూది చుట్టాలి. అప్పుడు లోపల వేడెక్కుతుంది; 30 డిగ్రీల దగ్గర పుప్పొడి నాళం ఎదుగుదల దెబ్బతింటుంది. కాయ రాకపోతే ఆత్మవంధ్యత్వం (సొంత పుప్పొడితో కాయ పట్టకపోవడం) అని రాసేస్తారు! అదే చెట్టుకు అలాంటి సంచే ఇంకోటి కట్టి, వేరే గుంపు పుప్పొడి వేసి పోల్చాలి.

బొబ్బిలి_నర్సరీ: కాయ నిలిస్తే మాత్రం జోడీ కుదిరినట్టు ఖాయమేనా?

విజయనగరం_బోటనీ: కాదండీ. ఫలదీకరణ లేకుండా వచ్చే బుడిపె కాయలు, అదే షాట్‌బెర్రీలు, వేరుగా తీసేయాలి. అండాశయం ఎదగని మగపూలను లెక్కలో కలపకూడదు. మంచి కాపులోనే వంద పూలకు ఒకటి రెండు కాయలు, కాబట్టి నాలుగు గుత్తులు చూసి చెప్పేది కాదు. గింజకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తేనే సంచిలో దూరిన బయటి పుప్పొడి దొరుకుతుంది.

కీలాగ్రం పరీక్ష కాయల లెక్కకన్నా నికరం. పుప్పొడి వేసి ఒక రోజు ఆగి, పువ్వును మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లంలో నిలవబెట్టి, అనిలీన్ బ్లూ రంగు పట్టించి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులో చూస్తారు. జోడీ కుదిరితే పుప్పొడి నాళాలు కీలంలోకి (కీలాగ్రం కింది కాడలోకి) దిగుతాయి. కుదరకపోతే పొట్టిగా కీలాగ్రంలోనే ఆగిపోతాయి.

పలాస_తోట: మా సువర్ణరేఖ మామిడికీ ఇదే చేయొచ్చా?

విజయనగరం_బోటనీ: మోసపోతారు. దశేరిలో సొంత పుప్పొడి నాళం అండం దాకా వెళ్లి ఫలదీకరణ కూడా జరుగుతుంది, ఆ తర్వాత అంకురచ్ఛదం (గింజలో పిండానికి ఆహారమిచ్చే భాగం) చెడి పిందె రాలుతుంది. కీలాగ్రం చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. దశేరి సంగతి సువర్ణరేఖకు అంటగట్టకండి, రకం రకానికీ విడిగా చూడాలి. కనీసం నెల రోజులు పిందెలు లెక్కపెట్టండి.

పార్వతీపురం_పూత: మామిడికి ఈగలు కావాలి గదా. సంచి కట్టాక చేత్తో పుప్పొడి రాయకపోతే ఏ రకానికైనా దాదాపు సున్నాయే వస్తుంది.