కాన్ఫిగ్‌లో అక్షరం తప్పితే సర్వీస్ లేవాలా, వద్దా?

అర్ధరాత్రి_అలర్ట్
నిన్న రాత్రి డేటాబేస్ పడిపోయింది. ఎవరి పనా అని వెతికితే నాదే. మెమరీ బాగా తినే ఒక సర్వీస్‌కు యూనిట్ ఫైల్‌లో (సర్వీస్‌ను ఎలా నడపాలో చెప్పే కాన్ఫిగ్ ఫైల్) మెమరీమ్యాక్స్ అనే కీ, అంటే మెమరీకి పరిమితి పెట్టే సెట్టింగ్, పెట్టాను, దాని స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎగిరిపోయింది. లినక్స్‌లో సర్వీస్‌లను లేపే సిస్టమ్‌డీ ‘ఈ కీ తెలియదు, వదిలేస్తున్నా’ అని జర్నల్‌లో (దాని లాగ్) ఒక్క లైన్ రాసి సర్వీస్‌ను లేపేసింది. మూడు వారాలు బాగానే నడిచింది. నిన్న మెమరీ నిండాక, అలాంటప్పుడు ఏదో ఒక ప్రోగ్రామ్‌ను చంపే ఓఓఎం కిల్లర్ వచ్చి, అసలు దొంగను వదిలేసి డేటాబేస్‌ను చంపింది.

తెలియని కీ కనిపిస్తే ఆగిపోవడం మంచిదా, వార్నింగ్ ఇచ్చి ముందుకు పోవడం మంచిదా? మీరు రాసే ప్రోగ్రాముల్లో ఏం చేస్తారు? డెప్లాయ్‌కు ముందే ఇలాంటివి పట్టుకునే దారి ఉందా?

సెమీకోలన్
ఆగిపోవాలి. ఇందులో చర్చ ఏముంది? వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌కు తెలియని డైరెక్టివ్ (సెట్టింగ్) ఇచ్చి చూడండి, లేవనే లేవదు. రిమోట్ లాగిన్ ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌డీ కూడా అంతే. ఎవరూ చదవని వార్నింగ్ రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

రిమోట్_రాణి
ఎస్‌ఎస్‌హెచ్‌డీ లేవకపోతే ఆ మెషిన్‌లోకి ఎలా వెళ్తారో ముందు చెప్పండి.

బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు ఎక్కించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక బ్యాకప్ డిస్క్ యూయూఐడీ (దాని గుర్తింపు కోడ్) తప్పు రాసి రీబూట్ కొట్టాను. అది ఉన్నా లేకపోయినా మెషిన్‌కు పోయేదేం లేదు. అయినా 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి కూర్చుంది. నెట్‌వర్క్ లేదు, రిమోట్ కన్సోల్ లేదు. చివరికి ఒక మనిషి కీబోర్డు పట్టుకుని సర్వర్ దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. స్ట్రిక్ట్‌గా ఉండాలి అనేవాళ్లంతా పక్కనే కన్సోల్ పెట్టుకుని మాట్లాడతారు.

సెమీకోలన్
‘డిస్క్ దొరక్కపోయినా ముందుకు పో’ అనే నోఫెయిల్ పెట్టలేదా?

రిమోట్_రాణి
నోఫెయిల్ గుర్తొచ్చేంత తీరిగ్గా ఉంటే యూయూఐడీ కూడా సరిగానే రాసేదాన్ని కదండీ.

టెర్మినల్_తాత
22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కాన్ఫిగ్ పార్సర్లు నేనే మూడు రాశాను. ఇలాంటివన్నీ మ్యాన్ పేజీ (సిస్టమ్‌తో వచ్చే మాన్యువల్) చదవని వాళ్లకు వచ్చే కష్టాలు. 2017లో సిస్టమ్‌డీ యూజర్ లైన్ (సర్వీస్ ఎవరి పేరుతో నడవాలో చెప్పేది) మీద పెద్ద రచ్చ జరిగింది, అదీ ఇలాంటిదే. అంకెతో మొదలయ్యే యూజర్ పేరు పెట్టమని ఎవరు చెప్పారు? తప్పు పేరు ఇచ్చి సాఫ్ట్‌వేర్‌ను తిట్టారు.

తమ్ముడూ అలర్ట్, మెమరీమ్యాక్స్ సరిచేసేటప్పుడు స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్ కూడా సర్వీస్ సెక్షన్‌లో పెట్టు. పడిపోతూ లేస్తూ ఉండకుండా ఆగుతుంది.

సెమీకోలన్
తాతగారూ, ఆ కథ సగమే చెప్పారు. యూజర్ లైన్‌లో సున్నాతో మొదలయ్యే పేరు ఉంది. సిస్టమ్‌డీ దాన్ని చెల్లని పేరు అనుకుని ఆ లైన్‌ను పక్కన పెట్టింది. యూజర్ లైన్ లేకపోతే సర్వీస్ ఎవరి పేరుతో నడుస్తుంది? రూట్! హక్కులు తగ్గించమని రాసిన లైన్ వల్లే పూర్తి హక్కులు వచ్చాయి. పేరు మంచిదా చెడ్డదా అన్నది ఎవరిక్కావాలి?

టెర్మినల్_తాత
యూనిట్ ఫైల్ రాయాలంటే ముందే రూట్ అయి ఉండాలి. ఇక సెక్యూరిటీ హోల్ ఎక్కడ?

సెమీకోలన్
ఆ రూటే కదా ‘రూట్‌గా వద్దు’ అని రాసింది!

ఖాళీ_లైను
యూనిక్స్ ప్రమాణం పాజిక్స్‌లో యూజర్ పేరు అంకెతో మొదలు కాకూడదని లేదు, హైఫన్‌తో మాత్రం వద్దంటుంది. కొన్ని లినక్స్ డిస్ట్రోల్లో యూజర్‌యాడ్ కమాండ్ కూడా నోరు మూసుకుని చేసి పెడుతుంది. మొత్తం అంకెలే ఉన్న పేరుతో అయితే నిజంగానే తంటా: ఫైల్ ఓనర్‌ను మార్చే చౌన్‌కు 1000 అని ఇస్తే ముందు ఆ పేరుతో యూజర్ ఉన్నాడా అని చూస్తుంది, లేకపోతేనే దాన్ని నంబర్‌గా తీసుకుంటుంది.

టెర్మినల్_తాత
పాజిక్స్ నాకు నేర్పొద్దు.

ఖాళీ_లైను
నేర్పడం లేదు సార్, అందులో ఉన్నది చెప్పాను. తర్వాత వాళ్లే మార్చారు కదా, ఇప్పుడు యూజర్ లైన్‌లో చెల్లని పేరుంటే యూనిట్ లోడే కాదు. అన్నీ సరిగ్గా ఉంటే ఎందుకు మార్చినట్టు?

డీబీ_కాపలా
మీరు కొట్టుకోండి, నా గోడు ఇంకోటి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కాన్ఫిగ్‌కు ఎవరో మహానుభావుడు 777 పర్మిషన్లు ఇచ్చాడు. ఎవరైనా రాయగలిగే ఫైల్‌ను అది మొత్తంగా పట్టించుకోదు. ఒక వార్నింగ్ పడేసి డిఫాల్ట్‌లతో లేస్తుంది. బఫర్ పూల్ (అది డేటాకు వాడే మెమరీ) ఎంత పెంచినా మారదేంటని ఒక రోజంతా తల బాదుకున్నాను. తమాషా ఏంటంటే, అదే ఫైల్‌లో తెలియని వేరియబుల్ ఒక్కటి ఉంటే సర్వర్ లేవదు! ఒక లైన్ తప్పైతే ప్రాణాలు తీస్తుంది, ఫైల్ మొత్తం పోతే మాత్రం ఫర్వాలేదట.

కానీ దాన్లో ఒక మంచి పని చేశారు. ఆప్షన్ ముందు లూస్ అని తగిలిస్తే, తెలియకపోయినా వార్నింగ్‌తో సరిపెడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్‌లో ఇగ్నోర్‌అన్‌నోన్ కూడా ఇలాంటిదే. ఏ లైన్‌కు క్షమాభిక్ష కావాలో రాసేవాడే చెప్పాలి.

ప్యాకేజీ_పిచ్చోడు
సిస్టమ్‌డీ వాళ్ల బాధ కూడా చూడండి బ్రో. ఒకే యూనిట్ ఫైల్ పాత వెర్షన్‌లోనూ, కొత్త వెర్షన్‌లోనూ నడవాలి. కొత్త కీ చూసి పాత వెర్షన్ మొండికేస్తే ప్రతి డిస్ట్రోకూ నేను వేరే ఫైల్ చేయాలి. అక్షరం తప్పిన కీకీ, రేపు రాబోయే కీకీ తేడా దానికెలా తెలుస్తుంది?

కొత్తగా_రూట్
సందులో సందు, యామ్‌ల్ కాన్ఫిగ్ ఫైల్‌లో దేశాల కోడ్‌ల లిస్టు రాస్తే నార్వే ఒక్కటే ఫాల్స్ అయిపోతోంది. ఎందుకు?

ఖాళీ_లైను
నార్వే కోడ్ ఎన్‌ఓ అంటే దానికి ‘కాదు’ అని అర్థం. కోట్స్ పెట్టు. 1.1 వెర్షన్ నిర్వాకం అది, 2009లో వచ్చిన 1.2లో తీసేశారు, కానీ చాలా లైబ్రరీలు ఇంకా పాతదాని దగ్గరే ఉన్నాయి. కోట్స్ లేకుండా 22:22 అని పోర్టులు రాసినా 1342 అవుతుంది, 60 లెక్కన గుణించి కూడుతుంది.

రిమోట్_రాణి
ఇది మరీ ఘోరం. తప్పని చెప్పదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. పైగా తనకు అర్థమైపోయిందనుకుంటుంది.

సెమీకోలన్
రాణిగారూ, మీ కన్సోల్ బాధకు జవాబు వదులుగా ఉండటం కాదు. ఎన్‌జిన్‌ఎక్స్‌కు రీలోడ్ ఇస్తే, కొత్త కాన్ఫిగ్ తప్పైతే పాతదాంతోనే నడుస్తూ ఉంటుంది. రీస్టార్ట్ ఇస్తేనే చస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగ్‌లు మార్చి చూసే నెట్‌ప్లాన్ ట్రై కూడా అంతే, 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే వెనక్కి తిప్పేస్తుంది.

రిమోట్_రాణి
రీబూట్ అయ్యాక పాతది ఎక్కడుంటుంది సార్? నా కథ రీబూట్ కథ.

డీబీ_కాపలా
రూట్ హక్కులతో కమాండ్ నడిపించే సుడో వాళ్లు మనసు మార్చుకున్నారు తెలుసా? ఒకప్పుడు దాని కాన్ఫిగ్ ఫైల్ సుడోయర్స్‌లో ఒక సింటాక్స్ తప్పుంటే సుడో మొత్తం బంద్. 1.9.3 నుంచి ఆ లైన్ వరకు వదిలేసి మిగతావి చదువుతోంది.

సెమీకోలన్
వదిలేసిన లైన్ ఎవరికో ‘వద్దు’ అని చెప్పే లైన్ అయితే?

టెర్మినల్_తాత
సేవ్ అయ్యే ముందే తప్పులు పట్టే వైసుడో వాడనివాడికి సుడో ఎందుకు?

అర్ధరాత్రి_అలర్ట్
అందరికీ థ్యాంక్స్. డెప్లాయ్‌కు ముందే పట్టుకోవడం గురించి నా మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు గానీ, నేనే వెతుక్కున్నాను: సిస్టమ్‌డీ-ఎనలైజ్ వెరిఫై. అన్ని యూనిట్ల మీదా నడిపితే నేను ఎప్పుడో రాసిన తప్పులు ఇంకో మూడు బయటపడ్డాయి.

నాలుగోది ఇవాళ్టిదే. తాతగారు చెప్పినట్టు స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్‌ను సర్వీస్ సెక్షన్‌లో పెట్టాను. ‘ఈ సెక్షన్‌లో ఈ కీ తెలియదు, వదిలేస్తున్నా’ అంటోంది. మ్యాన్ పేజీలో చూస్తే అది యూనిట్ సెక్షన్‌లో ఉండాలట.

సెమీకోలన్
😂😂 మ్యాన్ పేజీ!

టెర్మినల్_తాత
ఒకప్పుడు సర్వీస్ సెక్షన్‌లోనే ఉండేది. సిస్టమ్‌డీ 229లో మార్చారు. నా సర్వర్లలో ఇప్పటికీ అక్కడే ఉంది, ఏ సమస్యా రాలేదు.

ఖాళీ_లైను
పాత పేరుతో (స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్) రాసుంటే ఇంకా ఒప్పుకుంటుంది, చివర సెక్ ఉన్న పేరైతే ఒప్పుకోదు. మీ ఫైళ్లలో ఏ పేరు ఉందో ఒకసారి చూడండి సార్.

కొత్తగా_రూట్
కోట్స్ పెట్టాను, నార్వే వచ్చింది. ఇప్పుడు ట్యాబ్ ఉందని ఏడుస్తోంది.