సెకండ్ హ్యాండ్ కారు కొన్న నెలలోపే ఇంజిన్ పోయింది, డీలర్ సంబంధం లేదంటున్నాడు

హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర 4 లక్షలకి కారు తీసుకున్నా, ఇంజిన్ సూపర్ అని వాట్సాప్‌లో కూడా పెట్టాడు, నెల తిరక్కుండానే ఓవర్‌హీట్ అయి ఆగిపోయింది, ఆయిల్ క్యాప్ తీసి చూస్తే లోపలంతా పాల టీ రంగులో నురగ. మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో కూలెంట్, ఆయిల్ కలవకుండా ఆపే సీల్) పోయిందన్నాడు. డీలరేమో "ఉన్నది ఉన్నట్టు" అని సంతకం పెట్టావు కదా అంటున్నాడు. ఏం చేయాలి అన్నా?

రిప్లై 1:
ఆ సంతకంతోనే అంతా అయిపోదు బ్రో. లోపం తెలిసి దాచిపెట్టి అమ్మితే 2019 వినియోగదారుల చట్టం కింద కేసు వేయొచ్చు. ముందు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయర్ లేకుండా నువ్వే వాదించుకోవచ్చు, కేసు వేయడానికి టైం 2 ఏళ్ళు ఉంటుంది.

రిప్లై 2:
తొందరపడి ఇంజిన్ మాత్రం విప్పించకండి!! ముందు ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా రిపోర్ట్ తీసుకోండి, పాత సర్వీస్ హిస్టరీ కూడా అడగండి, ఇది ముందునుంచే ఉన్న సమస్య అని చూపించాల్సింది మీరేనండి. ఆ వాట్సాప్ మెసేజ్‌లు అస్సలు డిలీట్ చేయొద్దు.

రిప్లై 3:
ఒకటి చూసుకో తమ్ముడూ, డబ్బులు తీసుకుని రసీదు ఇచ్చింది డీలరా లేక పాత ఓనరా? సొంత కారు అమ్ముకున్న మామూలు మనిషి మీద కన్స్యూమర్ కేసు నిలబడటం కష్టం, సివిల్ కోర్టుకే పోవాలి. డీలరే అయితే లాయర్ నోటీసు రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపు, చాలామంది అక్కడే దిగొస్తారు.