31 ఓటములతో జాతీయ విజేత: 2008 ఫ్రెస్నో స్టేట్ బేస్‌బాల్ జట్టు

ప్రశ్న: 2008లో అమెరికా కాలేజీ బేస్‌బాల్ టైటిల్ గెలిచిన ఫ్రెస్నో స్టేట్ ఆ సీజన్‌ను 47 విజయాలు, 31 ఓటములతో ముగించింది. క్రికెట్‌కు అలవాటుపడిన నాకు, అన్నిసార్లు ఓడిన జట్టు విజేత ఎలా అయిందో బోధపడటం లేదు. దయచేసి ఎవరైనా వివరించగలరా?

మొదటి జవాబు: లీగ్ ఓటములు నాకౌట్ దశలో లెక్కకు రావు. తమ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసిన లీగ్) టోర్నీ గెలవడంతో ఆ జట్టుకు 64 జట్ల జాతీయ పోటీలో నేరుగా చోటు దక్కింది. అక్కడ నాలుగేసి జట్లతో 16 బృందాలు ఉంటాయి. రెండుసార్లు ఓడితేనే ఇంటిముఖం పట్టాలి. తన బృందంలో ఫ్రెస్నోది చివరి సీడ్, అంటే నాలుగింటిలో అట్టడుగు ర్యాంకు. అయినా ఆ బృందంలో గెలిచి, తర్వాత మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో అరిజోనా స్టేట్‌ను వారి మైదానంలోనే ఓడించి, ఒమాహా నగరంలో ఆడే చివరి ఎనిమిది జట్లలో నిలిచింది.

రెండవ జవాబు: అసలు ముచ్చట మూడు మ్యాచ్‌ల ఫైనల్స్‌దే. జార్జియా చేతిలో తొలి మ్యాచ్‌ను 6-7తో చేజార్చుకున్నాక, రెండవదాన్ని 19-10తో, మూడవదాన్ని 6-1తో గెలిచారు. బొటనవేలి లిగమెంట్ చిరిగి ఉన్నా ఫ్రెస్నో ఆటగాడు స్టీవ్ డెట్‌వైలర్ చివరి మ్యాచ్‌లో రెండు హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టి, ఆ ఆరు పరుగులకూ తానే కారకుడయ్యాడు.

మూడవ జవాబు: దీనిని కేవలం అదృష్టమనడం అన్యాయం. ప్రధాన పిచర్ (బంతి విసిరేవాడు) టానర్ షెపర్స్ భుజం గాయంతో దూరమైనా, చివరి మ్యాచ్‌లో జస్టిన్ విల్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిదింటి పాటు బంతులు విసిరి భారమంతా మోశాడు.