ఖరీదైన స్పీకర్ల రూపం చెవి కోసమా, కంటి కోసమా?

స్వరలహరి (చర్చ ప్రారంభం):

ఇంట్లో సంగీతం వినడానికి తయారయ్యే అత్యంత ఖరీదైన స్పీకర్లను చూసినప్పుడల్లా, వాటి మీద పెట్టిన శ్రమలో పెద్ద వాటా రూపానికే పోయిందని నాకు అనిపిస్తుంది. శంఖంలా చుట్టుకున్న పెట్టెలు, కార్లకు వేసే రంగులు, ముఖం కనిపించేంత మెరిసే లక్కర్ పూత, తోలు తొడుగులు, ఒంపులు తిరిగిన అల్యూమినియం: ఇవన్నీ కొనేవారి కంటిని ఆకట్టుకోవడానికే తప్ప వినేవారి చెవికి ఏ మేలూ చేయవని నా అభిప్రాయం. 1957లో వచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ చూడటానికి గదిని వెచ్చబరిచే హీటరులా ఉండేది. అయినా మాటలోనూ పాటలోనూ దాని స్పష్టతను ఇప్పటికీ ఆదర్శంగా చెప్పుకుంటారు. బీబీసీ ఇంజనీర్లు 1970లలో రూపొందించిన ఎల్ఎస్3/5ఏ కూడా ఏ అలంకారమూ లేని చిన్న చెక్కపెట్టే. వినడానికి కొనే వస్తువును వినికిడితోనే తూచాలి గాని, అందాన్ని ఆ తూకంలో వేయకూడదన్నది నా వాదన. కాదనేవారు కారణాలతో చెప్పాలని కోరుతున్నాను.

చెక్కపెట్టె:

స్వరలహరి గారూ, మీరు ఎంచుకున్న రెండు ఉదాహరణలూ గొప్పవే, కాని అవి మీ వాదనకు ఎదురు తిరుగుతాయి. ఆ క్వాడ్ స్పీకర్‌లో అసలు పెట్టె అన్నదే లేదు. చిల్లులున్న రెండు పలకల మధ్య విద్యుత్ ఆవేశంతో ఒక పలుచని పొర కదులుతుంది కాబట్టి, అది వెడల్పుగా, పలుచగా ఉండక తప్పదు. అంటే ఆ హీటరు ఆకారాన్ని నిర్ణయించింది ధ్వనిశాస్త్రమే. ఇక ఎల్ఎస్3/5ఏ గ్రిల్ (ముందుండే బట్ట తొడుగు) తీసి దగ్గర నుంచి చూడండి. పై స్వరాలను పలికే చిన్న భాగమైన ట్వీటర్ చుట్టూ మందపాటి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి బట్ట) పట్టీలు అంటించి ఉంటాయి. పెట్టె అంచులు ముందు పలక కంటే కొద్దిగా ముందుకు వచ్చి ఉండటం వల్ల, ట్వీటర్ నుంచి పక్కలకు పోయే ధ్వని వాటికి తగిలి వెనక్కి వస్తుంది. దాన్ని పీల్చుకోవడానికే ఆ ఫెల్ట్. సాదాగా కనిపించే ఆ పెట్టెలోనే, పదునైన అంచులు తెచ్చిపెట్టే చిక్కూ దానికి చేసిన చికిత్సా పక్కపక్కనే ఉన్నాయి.

ఆ చిక్కును కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ చర్చ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి 100 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం దాదాపు 3.4 మీటర్లు, 1,000 హెర్ట్జ్ వద్ద అది 34 సెంటీమీటర్లు, 10,000 హెర్ట్జ్ వద్ద 3.4 సెంటీమీటర్లు. మంద్ర స్వరాలకు పెట్టె అడ్డే కాదు, అవి దాని చుట్టూ ఒంగి వెళ్ళిపోతాయి. తరంగదైర్ఘ్యం ముందు పలక వెడల్పుకు దగ్గరగా వచ్చేసరికి మాత్రం అంచుల వద్ద వివర్తనం, అంటే ధ్వని అంచుకు తగిలి ఒంగి చెదరడం, ప్రభావం చూపడం మొదలై, అంచే మరో ధ్వనిమూలంలా ప్రవర్తిస్తుంది. డ్రైవర్ (పెట్టెలో ధ్వనిని పుట్టించే భాగం) నుంచి నేరుగా వచ్చిన ధ్వనీ, అంచు నుంచి కాస్త ఆలస్యంగా బయలుదేరిన ధ్వనీ చెవి వద్ద కలిసినప్పుడు, కొన్ని ఫ్రీక్వెన్సీలు ఉబ్బుతాయి, కొన్ని కుంగుతాయి. అమెరికా ఎలక్ట్రానిక్స్ సంస్థ ఆర్‌సీఏ పరిశోధకుడు హ్యారీ ఓల్సన్ 1950ల తొలి రోజుల్లో పన్నెండు ఆకారాల పెట్టెలను కొలిచి చూసినప్పుడు, గోళంలో బిగించిన స్పీకర్ స్పందన (వేర్వేరు స్వరాలను ఎంత బిగ్గరగా పలుకుతుందన్న గీత) దాదాపు నునుపుగా వచ్చింది, ఘనాకారపు పెట్టెలో ఎత్తుపల్లాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. మనం ఏళ్ళ తరబడి మామూలు రూపం అనుకుంటూ వచ్చిన చదరపు పెట్టె నిజానికి వడ్రంగికి సులువైన రూపం మాత్రమే.

మీరు శంఖం అన్నారు, బహుశా మీ మనసులో ఉన్నది 1993లో బవర్స్ అండ్ విల్కిన్స్ సంస్థ తెచ్చిన నాటిలస్ కావచ్చు. లారెన్స్ డిక్కీ రూపకల్పన చేసిన ఆ స్పీకర్‌లో ప్రతి డ్రైవర్ వెనుకా క్రమంగా సన్నబడుతూ పోయే గొట్టం ఉంటుంది. డ్రైవర్ వెనుక వైపు పుట్టే ధ్వని ఆ గొట్టంలో ప్రయాణిస్తూ అణగారిపోవాలి, తిరిగి వచ్చి కోన్ (డ్రైవర్‌లో కదిలే శంకువు ఆకారపు పొర) గుండా బయటపడకూడదు. పై స్వరాల డ్రైవర్లకు పొట్టి గొట్టాలు చాలు, అవి వెనక్కి కొమ్ముల్లా సాగి ఉంటాయి. మంద్ర స్వరాలను పలికే డ్రైవర్ అయిన వూఫర్‌కు కావలసిన గొట్టం చాలా పొడవు, దాన్ని చుట్టక తప్పలేదు, ఆ చుట్టే శంఖం. ఇంత కచ్చితంగా పని నుంచి పుట్టిన రూపం ఈ రంగంలో అరుదు. దాన్ని అలంకారమని కొట్టిపారేయడం ఆ రూపకర్తకు అన్యాయం చేయడమే.

అలాగని ప్రతి ఒంపునూ నేను సమర్థించను. పెట్టె అంచును అర సెంటీమీటరు మేర గుండ్రం చేసి, వివర్తనం పోయిందని ప్రచారం చేసేవారున్నారు. గుండ్రదనం తరంగదైర్ఘ్యంతో పోల్చదగినంత ఉంటేనే ఫలితం ఉంటుంది కాబట్టి, అంత చిన్న గుండ్రదనం అత్యున్నత స్వరాలకు తప్ప దేనికీ పనికిరాదు. పక్క గోడలను వంచితే లోపల స్థిర తరంగాలు (ఎదురెదురు గోడల మధ్య ధ్వని తిరిగి తిరిగి తగిలి నిలిచిపోయే తరంగాలు) మాయమవుతాయన్న మాట కూడా అతిశయోక్తే. అవి చోటు మారతాయి, కొంత చెదురుతాయి, అంతే. వంచిన గోడ వల్ల కలిగే అసలు లాభం దాని బిగువు: సమతలంగా ఉన్న పలక కంటే అది తక్కువగా కంపిస్తుంది.

తెరచాటు శ్రోత:

ఆకారం సంగతి చెక్కపెట్టె గారు చెప్పినట్టే ఒప్పుకుంటాను. నాకు అంతకంటే ముఖ్యమనిపించే విషయం వేరొకటుంది: రూపం మన తీర్పును మనకు తెలియకుండానే మారుస్తుంది. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన పరీక్షలో 40 మంది శ్రోతలు నాలుగు స్పీకర్లను ఒకసారి తెర వెనుక ఉంచి, ఇంకోసారి కళ్ళెదుట ఉంచి విని మార్కులు వేశారు. కనిపించినప్పుడు పెద్దవీ ఖరీదైనవీ అయిన స్పీకర్లకు మార్కులు పెరిగాయి, చిన్న చవక సెట్టుకు తగ్గాయి. అంతేకాదు, గదిలో స్పీకర్ స్థానం మార్చినప్పుడు ధ్వనిలో వచ్చే తేడాను తెర ఉన్నప్పుడు గుర్తించినంతగా, కళ్ళతో చూస్తున్నప్పుడు గుర్తించలేకపోయారు. అనుభవజ్ఞులైన శ్రోతలకూ దీని నుంచి మినహాయింపు దొరకలేదు. కాబట్టి అందం తూకంలో ఉండకూడదని స్వరలహరి గారు కోరుకున్నా, కళ్ళు తెరిచి విన్నంతకాలం అది తూకంలో ఉండనే ఉంటుంది.

స్వరలహరి:

ఆకారం విషయంలో చెక్కపెట్టె గారి వివరణ నన్ను ఒప్పించింది. పూత మాటేమిటి? ఎన్ని పొరల లక్కర్ వేసినా, ఏ జాతి చెక్క వెనీర్ (పలుచని చెక్క పొర) అంటించినా, లోపలి పలక ఒకటే అయినప్పుడు ధ్వని మారదు కదా. తెరచాటు శ్రోత గారు చెప్పిన పరీక్షను బట్టి చూసినా, ఆ మెరుపు మన చెవిని పక్కదారి పట్టించడానికే ఉపయోగపడుతోంది.

చెక్కపెట్టె:

పూత ధ్వనిని మార్చదు, నిజమే. అయితే స్పీకర్ ఎక్కడ నిలబడుతుందో నిర్ణయించేది చాలా ఇళ్ళలో అదే. వెనుక గోడకు మీటరు దూరంలో ఉన్న స్పీకర్‌కు, గోడ నుంచి తిరిగి వచ్చే ధ్వని వల్ల 86 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక లోటు ఏర్పడుతుంది. గోడకు ఆనించి పెడితే మంద్ర స్వరాలు ఉబ్బుతాయి. ఏ దూరంలో పెట్టాలో విని తేల్చుకోవాలంటే, ఆ స్పీకర్‌ను గది మధ్యకు జరపడానికి ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. చూడబుద్ధి కాని వస్తువును ఎవరూ గది మధ్యలో నిలబెట్టనివ్వరు, అది మూలకు చేరుతుంది, లేదా సోఫా వెనుక దాక్కుంటుంది. అక్కడికి చేరాక దాని కొలతలన్నీ వృథా.

1993లో ఇటలీ సంస్థ సోనస్ ఫాబెర్ తెచ్చిన గ్వార్నెరి ఒమాజ్ స్పీకర్ ఈ విషయంలో నాకు ఎంతో నచ్చిన ఉదాహరణ. ల్యూట్ అనే తీగవాద్యపు పొట్టను తలపించే ఆ పెట్టె ముందు బట్ట బదులు నిలువునా బిగించిన సన్నని తీగల వరుస ఉంటుంది. మామూలు గ్రిల్‌లో బట్టను పట్టి ఉంచే చెక్క చట్రం ట్వీటర్ పక్కనే మరో పదునైన అంచు అవుతుంది, బట్ట పలుచనిదైనా ఆ చట్రం ధ్వనిని చెదరగొడుతుంది. తీగలైతే ట్వీటర్ ముందు దాదాపు ఖాళీయే. అక్కడ అందాన్నీ పనినీ విడదీసి చూపమంటే నావల్ల కాదు.

కొనేవారికి నేను చెప్పేది ఇది: ముందు తెర వెనుక విని రెండు మూడు స్పీకర్లను వడకట్టండి, ఆ తర్వాత వాటిలో మీ గదికి నచ్చినదాన్ని కంటితోనే ఎంచుకోండి.

తెరచాటు శ్రోత:

ఆ క్రమం సరైనదే, కాని ఇంట్లో అది అనుకున్నంత సులువు కాదు. రెండు స్పీకర్లు పక్కపక్కన ఉంటే స్థానం తేడానే ధ్వని తేడాగా వినిపిస్తుంది. అందుకే స్పీకర్లు తయారుచేసే హర్మన్ సంస్థ తన ప్రయోగశాలలో స్పీకర్లను కొన్ని సెకన్లలో ఒకే చోటికి మార్చి నిలిపే యంత్రాన్ని పెట్టుకుంది. మనకు అది లేదు కాబట్టి, మరొకరి సాయంతో ఒకే చోట ఒకదాని తర్వాత ఒకటి మార్పించుకోవాలి. తెరకు ధ్వని ధారాళంగా సాగే పలుచని బట్ట వాడాలి, అన్నిటికంటే ముందు శబ్ద స్థాయిని మీటరుతో సమం చేయాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగినదే మెరుగైనదిగా అనిపిస్తుంది, అప్పుడు తెర కట్టినా ఫలితం నమ్మదగింది కాదు.