ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్ హెడ్డులోనే విరిగిపోయింది: హెడ్డు దింపకుండా తీయవచ్చునా?

ప్రశ్న – పటమట, విజయవాడ

అందరికీ నమస్కారం. మా డీజిల్ కారుకు పదేళ్లు దాటాయి. కొంతకాలంగా ఉదయం ఇంజను స్టార్టు చేయగానే టిక్ టిక్ మని చప్పుడు వస్తోంది, వేడెక్కాక దానంతటదే తగ్గిపోతోంది. ఇంజను పొగను సైలెన్సరు వైపు తీసుకువెళ్లే మానిఫోల్డ్ విప్పించి చూస్తే, దానిని హెడ్డుకు (సిలిండర్ల పైభాగాన్ని మూసే దిమ్మకు) పట్టి ఉంచే 8 మిల్లీమీటర్ల స్టడ్లలో (రెండు కొసలా మరలున్న కడ్డీలలో) బ్యాటరీ వైపు చిట్టచివరిది విరిగి ఉంది. పట్టుకోవడానికి ముక్క ఏమీ పైకి లేదు. విరుపు చాలావరకు మసిబారి నల్లగా ఉన్నా, ఒక అంచున మాత్రం సన్నని నెలవంకలాగా లోహం మెరుస్తోంది. హెడ్డు అల్యూమినియంది. మా మెకానిక్ గారు హెడ్డు దింపి ఆటోనగర్‌లో లేత్ పనివారికి ఇవ్వక తప్పదంటున్నారు. దింపకుండా తీసే మార్గం ఉంటే దయచేసి చెప్పండి. మిగతావన్నీ బాగుండగా చివరిదే ఎందుకు విరిగిందో కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు – ఆటోనగర్, విజయవాడ

చివరిది విరగడానికి కారణం ఉందండీ. పోత ఇనుముతో చేసిన మానిఫోల్డ్ వేడికి పొడుగునా సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. నడుమ ఉన్న స్టడ్ల దగ్గర ఆ కదలిక తక్కువ, రెండు కొసల దగ్గర ఎక్కువ. ఏళ్ల తరబడి అలా వంగి వంగి కొసది ముందు పగులుతుంది. మీరు చూసిన నల్లని భాగం ఎప్పుడో మొదలైన పగులు, మెరుస్తున్న అంచు ఆఖరున తెగిన చోటు. ఇది మీకు కలిసివచ్చే విషయమే. మర పట్టేసి, విప్పబోతే మెలితిరిగి తెగిన స్టడ్ కాదు గనుక లోపల మరీ బిగుసుకుపోయి ఉండకపోవచ్చు.

రేడియేటర్ ఫ్యాను తీసి చూడండి. ఆ రంధ్రానికి సూటిగా వెల్డింగు టార్చి, డ్రిల్లు నిలిచే చోటు దొరికితే హెడ్డు జోలికి పోనక్కరలేదు. మరల సందుల్లోకి ఇంకిపోయే పల్చని నూనె (పెనెట్రేటింగ్ ఆయిల్) కొట్టి రాత్రంతా వదిలేయండి. మరునాడు మిగ్ వెల్డింగుతో విరిగిన ముక్క నడుమ చుక్క మీద చుక్క పెట్టి కాస్త పైకి తెచ్చి, దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి నింపుకుంటూ రావాలి. ఉక్కు వెల్డింగు అల్యూమినియాన్ని పట్టుకోదు కాబట్టి, చెయ్యి నిలకడగా ఉన్న వెల్డరు చేస్తే హెడ్డుకు నష్టం రాదు. అసలు పని చేసేది ఆ వేడే: స్టడ్ ఒక్కసారిగా ఉబ్బి, చల్లారుతూ ముడుచుకునేటప్పుడు మరల మధ్య పేరుకున్న తుప్పు పట్టు వదులుతుంది. నట్టు ఎర్రదనం పోయాక పానా వేసి, ఒక్కసారిగా విప్పబోకుండా, కొంచెం బిగించే వైపు, కొంచెం విప్పే వైపు కదిలిస్తూ రండి. నట్టు ఊడివస్తే నిరుత్సాహపడకుండా మరొకటి అతికించండి, ప్రతిసారీ పట్టు ఇంకాస్త వదులుతుంది.

గ్యాసు మంటతో హెడ్డును కాల్చనివ్వకండి. అల్యూమినియం ఇనుములాగా ఎర్రబడి హెచ్చరించదు. శుద్ధ లోహమే 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, హెడ్డుకు వాడే మిశ్రమం అంతకన్నా ముందే మెత్తబడుతుంది.

జవాబు – గుంటూరు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. వెల్డింగుకు లొంగకపోతే డ్రిల్లు వేయవలసి వస్తుంది, అప్పుడు ఈజీ అవుట్ (విరిగిన ముక్కలో రంధ్రం వేసి, అందులోకి దిగేసి విప్పే పనిముట్టు) విషయంలో జాగ్రత్త అవసరం. అది చాలా గట్టి ఉక్కు, బలవంతపెడితే రంధ్రంలోనే పుటుక్కున విరుగుతుంది. దానిని మామూలు డ్రిల్లు బిట్టు కోయలేదు. అప్పుడు హెడ్డు నిజంగానే దింపి, విద్యుత్ మెరుపులతో లోహాన్ని కరిగించి తీసే స్పార్క్ ఎరోజన్ యంత్రం ఉన్న చోటికి తీసుకువెళ్లాలి. అందుకే నేను దానికి బదులు ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టును ఎంచుకుంటాను. అది కోస్తూనే విప్పే వైపు తిప్పుతుంది గనుక ఒక్కోసారి స్టడ్ దానంతటదే బయటికి వస్తుంది.

ముందు గుంటగా ఉన్న ముఖాన్ని చదును చేసి, సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టండి. ఈ పనిలో ఎక్కువ సమయం తీసుకోవలసింది ఇక్కడే. బిట్టు పక్కకు జారిందంటే ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియంలోకి దూరిపోతుంది. 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, కటింగ్ ఆయిల్ వేస్తూ, నెమ్మదిగా 5కు, ఆపైన 6.5కు వెళితే మరల పొరే మిగులుతుంది, దాన్ని మొనతో పెరికి తీయవచ్చు. మరలు దెబ్బతిన్నా హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగచుట్ట) వేయించుకోవచ్చు. పోర్టుల్లో (హెడ్డులో పొగ బయటికి వచ్చే దారుల్లో) గ్రీజు రాసిన గుడ్డ కుక్కడం మరవకండి, రజను సిలిండరులోకి పోకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫ్యాను తీస్తే చోటు సరిపోతోంది, వెల్డింగుకే వెళ్తాను. కారులోనే వెల్డింగు చేస్తే ఈసీఎం (ఇంజనును నడిపించే కంప్యూటరు) పాడవుతుందని ఒకరు భయపెట్టారు. ఏమంటారు?

జవాబు – ఆటోనగర్, విజయవాడ

భయం అర్థం లేనిది కాదండీ. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించండి, ఈసీఎం కనెక్టర్లు కూడా ఊడదీస్తే మరీ మంచిది. వెల్డింగు ఎర్తు క్లాంపును బాడీకి కాకుండా హెడ్డుకే, స్టడ్‌కు దగ్గరగా తగిలించమనండి. దగ్గరలోని డీజిల్ గొట్టాలను తడిగుడ్డతో కప్పి, మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉంచండి.

స్టడ్ వచ్చాక మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ఫీలర్ గేజితో (సందు కొలిచే పల్చని రేకులతో) వంపు చూడండి. వంగిన మానిఫోల్డ్‌ను అలాగే లాగి బిగిస్తే కొత్త స్టడ్ కూడా అక్కడే తెగుతుంది. వంపు ఉంటే లేత్ పనివారి చేత ముఖం చదును చేయించండి. స్టడ్లు, నట్లు, గ్యాస్కెట్ అన్నీ కొత్తవి వేసి, నడుమ నుంచి మొదలుపెట్టి కొసలకు వస్తూ, మీ కారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించాలి. మానిఫోల్డ్ రంధ్రాలు స్టడ్ కన్నా వెడల్పుగా ఉండేది అది సాగడానికే. అందుకని లీకు రాకూడదని అదనంగా ఇంకో చుట్టు బిగించనివ్వకండి.