రంగం వలసల పాడుబడ్డ ఇళ్ళ నమోదు: న్యూ ఐస్‌లాండ్ పద్ధతి మనకి కుదురుతుందా?

ఉద్దానం_జీడితోట అడిగారు:

సోంపేట, కవిటి, మందస వైపు ఊళ్ళలో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళు ఇంకా కొన్ని కనిపిస్తాయి. పెంకు జారిపోయి గోడలు మిగిలినవి కొన్ని, అరుగు రాళ్ళూ నుయ్యీ తప్ప ఏమీ మిగలనివి కొన్ని. ఆరు ఊళ్ళకి ఒక నమోదు పుస్తకం తయారు చెయ్యాలని నలుగురం అనుకున్నాం. కెనడాలోని మానిటోబాలో న్యూ ఐస్‌లాండ్ అనేచోట స్థిరపడ్డ ఐస్‌లాండ్ వలసదారుల ఇళ్ళు ఇంతకంటే పాడైనా, ఏ దిబ్బ ఏ కుటుంబానిదో ఇప్పటికీ చెప్పగలుగుతున్నారట. అదెలా? వాళ్ళ పద్ధతిలో మనకి పనికొచ్చేదేది? వానలు పడేలోపు ముందు ఏం చెయ్యాలి?

వంశధార_ఒడ్డు:

అక్కడ ఇల్లు నిలవలేదు, కాగితం నిలిచింది. మొత్తం కిటుకు అదే. 1872 నాటి కెనడా డొమినియన్ ల్యాండ్స్ చట్టం ప్రకారం 10 డాలర్లు కట్టినవాళ్ళకి 160 ఎకరాలు కేటాయించేవారు. మూడేళ్ళు అక్కడే కాపురముండి, కొంత నేల సాగులోకి తెచ్చి, ఇల్లు కట్టుకుంటేనే పట్టా. పట్టా అడిగిన రోజున ఎంత దున్నావు, పశువులెన్ని, ఇల్లు ఎంత అని ప్రమాణం చేయించి రాసుకునేవారు, ఇరుగుపొరుగు చేత సాక్ష్యం చెప్పించేవారు. ఆ ఫైళ్ళు ఇప్పటికీ ఆర్కైవుల్లో ఉన్నాయి. నేలని గళ్ళుగా కొలిచారు కూడా: ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, అందులో పావు ఒక కుటుంబానికి. ఇల్లు కూలినా గడి కూలదు కదా.

చరిత్రలో అందరూ ఒకచోట పొరబడతారు. 1875 మార్చిలో ఆస్క్యా అగ్నిపర్వతం పేలి తూర్పు ఐస్‌లాండ్ మేత నేలల మీద బూడిద కప్పేసింది, ఆ అక్టోబరులో 285 మంది దాకా విన్నిపెగ్ సరస్సు ఒడ్డున గిమ్లీలో దిగారు, కాబట్టి రెండూ ఒకటే కథ అని రాసేస్తుంటారు. కానీ ఆ మొదటి జట్టులో చాలామంది 1874లోనే దేశం వదిలి ఒంటారియోలో ఏడాది అవస్థపడి వచ్చినవాళ్ళు. బూడిద దెబ్బ తిన్నవాళ్ళు ఎక్కువగా 1876లో వచ్చిన 1,200 మంది గుంపులో ఉన్నారు. ఆ చలికాలంలోనే మశూచి వచ్చి వంద మందికి పైగా పోయారు, 1877 జూలై దాకా ఊళ్ళ రాకపోకలు కట్టేశారు. 1880లో వరద. చాలామంది సరిహద్దు దాటి డకోటాలోని పెంబినా కౌంటీకి వెళ్ళిపోయారు. అంటే మొదటి ఇళ్ళలో ఎన్నో ఐదారేళ్ళు కూడా నిండకుండానే ఖాళీ అయ్యాయి.

మీరు తీసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. వాళ్ళు ప్రతి పొలానికీ ఒక పేరు పెట్టేవారు. ఐస్‌లాండ్‌లో ఇంటిపేర్లు ఉండవు, తండ్రి పేరుకి 'సన్' అనో 'దోత్తిర్' అనో చేరుస్తారు. ఒకే ఊళ్ళో పది మంది యోన్‌లు ఉంటే పొలం పేరే ఆనవాలు. 'ఫ్రాంఫారి' పత్రిక 1877 నుంచి 1880 దాకా అచ్చయింది లుండి అనే అలాంటి చోటే, ఇప్పటి రివర్టన్. సింహాచలం అప్పన్న చలవతో మనకీ ఊరికి పది మంది అప్పలస్వాములు. "మెట్టమీదోళ్ళ అప్పలస్వామి", "పెదనూతి కాడోళ్ళు" అని ముసలివాళ్ళు అనే మాటని అలాగే రాసుకోండి, సరిదిద్దొద్దు.

పాత_కరణీకం:

కాగితం సంగతి మన దగ్గర వేరేలా ఉంటుంది మాస్టారూ. మందస, టెక్కలి, పర్లాకిమిడి, బొబ్బిలి, విజయనగరం అన్నీ జమీలే. రైతు పేరుతో సర్కారు రికార్డు గట్టిగా మొదలైంది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతి సెటిల్‌మెంట్‌తో. 1930ల్లో రంగం ఓడెక్కినవాడి పేరు అందులో దొరక్కపోవచ్చు. తమ్ముడి పేరో, సాగు చేసుకున్నవాడి పేరో ఉంటుంది. అది చూసి "ఇల్లు వీళ్ళదే" అని రాసేస్తే తప్పు.

రెండో చిక్కు గ్రామకంఠం, అంటే ఊళ్ళో ఇళ్ళున్న జాగా. పొలానికి ఉన్నట్టు ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు, సాధారణంగా గ్రామకంఠం అంతటికీ ఒకటే నంబరు. కాబట్టి ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకలు తీసుకుని గ్రామకంఠం హద్దు వరకే దాన్ని నమ్మండి. లోపల ఇంటి జాగాని మీరే కొలవాలి. పంచాయతీలో పాత ఇంటిపన్ను రిజిస్టరు మిగిలి ఉంటే దాంట్లో వరస చూడండి, పక్కిళ్ళవాళ్ళ పేర్లు దొరికినా సగం పని అయినట్టే.

పాత కాగితాల్లో వెతికేటప్పుడు శ్రీకాకుళం అని వెతికితే ఏమీ రాదు. జిల్లా ఏర్పడిందే 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అంతకుముందు ఊరి పేరు చికాకోల్, జిల్లా 1936 దాకా గంజాం, తరవాత విజగపట్నం. సోంపేట, ఇచ్ఛాపురం వైపు కూడా అంతే. మారిషస్ వెళ్ళినవాళ్ళైతే అక్కడ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లు ఉన్నాయి, మనిషికో నంబరు. ఆ కుటుంబం దగ్గర నంబరుంటే ముందు అది అడగండి, పేరు మాత్రం పట్టుకుని వెతికితే స్పెల్లింగుల్లో తప్పిపోతారు.

మట్టిగోడ:

వానల ముందు అన్నారు కాబట్టి వరస చెప్తాను. పెంకు సగం జారిన ఇళ్ళు మొదట. గోడ నెత్తిన నీళ్ళు దిగితే మట్టి లోపల్నుంచి మెత్తబడుతుంది, చూరు నీళ్ళ చిందులకి అడుగు కోసుకుపోతుంది, ఒకరోజు మొత్తం బయటికి పడిపోతుంది. కప్పు పూర్తిగా పోయి రాతి పునాది మాత్రం మిగిలినవి వచ్చే ఏడాదికైనా ఆగుతాయి. గోడ నిలపాలనుకుంటే నెత్తిన తాటాకు కప్పండి, రెండు వైపులా అడుగేసి బయటికి రావాలి. సిమెంటు పూత మాత్రం వద్దు. చెమ్మ బయటికి పోలేక రెండు వానలకే పెచ్చులుగా ఊడి మట్టినీ లాక్కుపోతుంది.

30 మీటర్ల టేపు, 10 సెంటీమీటర్లకో నలుపు-తెలుపు పట్టీ వేసిన మీటరు కర్ర, ఇద్దరు మనుషులు చాలు. ప్రతి గదికీ పొడవు వెడల్పుతో పాటు రెండు ఐమూలలూ (మూల నుంచి ఎదురు మూలకి) కొలవండి. మన పాత గదులు చదరంగా ఉండవు, ఐమూల కొలత లేకపోతే ప్లాను కాగితం మీద కలవదు. గోడ మందం గుమ్మం దగ్గర తియ్యండి. ఫోన్ లొకేషన్‌లో చుక్క తరవాత ఐదు అంకెలు రాస్తే మీటరు దాకా తెలుస్తుంది. కానీ ఫోనే ఐదారు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, కొబ్బరి చెట్ల కింద ఇంకా ఎక్కువ. అందుకే గుడి ధ్వజస్తంభం నుంచి ఒకటి, నూతి నుంచి ఒకటి, రెండు దూరాలు టేపుతో తీసి రాసుకోండి.

గోడలు లేని చోట తవ్వకండి, చూడండి. మానిటోబాలో నేలమాళిగ గుంట, పక్కన ఇప్పటికీ పూసే లైలాక్ పూలపొద, తనంతట మొలిచే రూబార్బ్ అనే పెరటి మొక్క చూసి ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకుంటారు. మనకి తులసికోట దిమ్మ, పాతేసిన రోలు, సన్నికల్లు, దొడ్లో పనస చెట్టు, గన్నేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి చెట్లు పోయిన ఊళ్ళలో అంతకుముందటి ఉపగ్రహ చిత్రాలు గూగుల్ ఎర్త్‌లో వెనక్కి జరిపి చూడండి, కప్పు ఆకారం దొరుకుతుంది.

నూతి దగ్గర జాగ్రత్త. గట్టు లేని పాత నుయ్యి గడ్డి కింద కనిపించదు, ముందు కర్ర, తరవాత కాలు. లోపలికి ఎవరూ దిగొద్దు.

ఉద్దానం_జీడితోట:

ధన్యవాదాలండీ. బర్మా టేకు ద్వారబంధాలున్న ఇళ్ళు రెండున్నాయి. ఫొటోలు, లొకేషన్ ఇక్కడ పెట్టొచ్చా?

వంశధార_ఒడ్డు:

లొకేషన్ పెట్టకండి. ఆ చెక్క కోసం తిరిగే బేరగాళ్ళున్నారు. చెక్కడం, మేకుల వరస ఫొటో తీసి, వారసుల ఒప్పుదల దొరికేదాకా ఊరి పేరుతో ఆపండి.

పుస్తకంలో ఇంకొక గడి కలపండి: "ముందు ఎవరుండేవారు, తరవాత ఎవరు చూసుకున్నారు". న్యూ ఐస్‌లాండ్ ఖాళీ నేల కాదు. అక్కడ సోల్టో, క్రీ అనే ఆదివాసులుండేవారు, అదే మశూచి వాళ్ళనీ తీసుకుపోయింది. జాన్ రామ్‌సే అనే సోల్టో మనిషి 1876లో పోయిన భార్య బెట్సీకి పాలరాతి సమాధి ఫలకం పెట్టించాడు. రివర్టన్ దగ్గర ఆ రాయి ఉంది. వలసదారుల పొలాల పేర్లే రాసుకుంటూపోతే ఆ రాయికి మీ పుస్తకంలో చోటుండదు. మన దగ్గర కూడా తాళం వేసిన ఇంటి దొడ్లో నలభై ఏళ్ళుగా దీపం పెడుతున్న పాలేరు కుటుంబం ఉంటే వాళ్ళ పేరు అదే పేజీలో రాయండి. చెప్పినవారెవరు, ఏ తేదీన చెప్పారు అన్నది ప్రతి వాక్యం పక్కనా ఉండాలి, రెండు ఇళ్ళవాళ్ళు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి.