నోటి మూలలు చీలి మానడం లేదు, మీకు ఏం చేస్తే తగ్గింది?

మద్దిలపాలెం కోడలు: మా అత్తగారికి రెండు వైపులా నోటి మూలలు చీలి ఎర్రగా పుండు పడ్డాయండీ. ఆవలించినా, ముద్ద పెట్టుకుందామని నోరు తెరిచినా ఆరిన చీలిక మళ్ళీ విచ్చుకుంటోంది. పులుసు తగిలితే చాలు, కళ్ళమ్మట నీళ్ళే. వెన్న, కొబ్బరినూనె రాస్తే కాస్త మెత్తబడుతోంది గానీ మానడం లేదు. వేడి చేసిందని అందరూ మజ్జిగ తాగమంటున్నారు. తగ్గినవాళ్ళు ఉంటే ఏం చేశారో చెప్పండి.

గాజువాక పెద్దాయన: ఆవిడకి కట్టుడు పళ్ళు ఉన్నాయామ్మా? నాకున్నాయి, నాకూ ఇదే బాధ వచ్చింది. సెట్ పాతబడి అరిగిపోతే కింది దవడ బాగా పైకి వచ్చేసి, మూలల దగ్గర చర్మం మడత పడి, ఆ మడతలోకి ఉమ్మి చేరి ఎప్పుడూ తడిగా ఉంటుంది, అక్కడే ఫంగస్ పెరుగుతుంది. రాత్రి సెట్ తీసేసి పడుకోమనండి. తోమాక అంగిలికి ఆనే వైపు వేలితో తడిమి చూడండి, జిగటగా తగిలితే పాచి ఇంకా ఉన్నట్టే. సెట్ సరిచేయించుకున్నాకే నాకు పూర్తిగా మానింది.

పెందుర్తి అమ్మాయి: నాకు కట్టుడు పళ్ళు లేవు, ముప్పై ఏళ్ళు కూడా లేవు, అయినా క్రీమ్ రాస్తే తగ్గడం, ఆపితే మళ్ళీ రావడం. నాలుక కూడా నున్నగా అయిపోయి మంట పుట్టేది. హిమోగ్లోబిన్ ఫర్వాలేదన్నారు, కానీ ఫెరిటిన్ చేయిస్తే బాగా తక్కువ వచ్చింది, అంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అయిపోయాయన్నమాట. నెలసరిలో ఎక్కువ పోయేవాళ్ళు ఈ టెస్ట్ తప్పకుండా అడగండి. మాత్రలు వాడుతూ, అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానేశాక మళ్ళీ రాలేదు. చేప, గుడ్డు, పాలు ఏవీ ముట్టనివాళ్ళు బి12 కూడా చూపించుకోండి.

స్టాఫ్ నర్స్, సీతమ్మధార: పైన చెప్పినవి రెండూ నిజమే. ఎక్కువగా ఇది కాండిడా ఫంగస్, ఒక్కోసారి స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా కూడా కలుస్తుంది. ఫంగస్‌కి క్లోట్రిమజోల్ లేదా మైకోనజోల్ ఇస్తారు, తేనె రంగు పొక్కు కడుతుంటే డాక్టర్ ఫ్యూసిడిక్ యాసిడ్ లాంటిది రాస్తారు. అయితే గుండె జబ్బుకో మరో దానికో రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్ర వేసుకునే పెద్దవాళ్ళకి మైకోనజోల్ పొరపాటున కూడా సొంతంగా రాయకండి, రక్తం మరీ పలచబడి ప్రమాదం. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు చూస్తే నాకు భయం, ఎర్రదనం రెండు రోజుల్లో పోతుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది. మెత్తని బట్టతో అద్ది తడి ఆరాక మందు పలచగా రాయాలి, భోజనానికి ముందు వాజలీన్ పూస్తే పులుపు దిగదు. ఒకవైపే వచ్చి, ముందు చురుక్కుమని తర్వాత నీటి పొక్కులు లేస్తే అది హెర్పిస్ అనే వైరస్ కావచ్చు, దాని మందు వేరు. రెండు వారాలకీ మానకపోతే చూపించుకోండి, షుగర్ టెస్ట్ కూడా చేయించండి.

మద్దిలపాలెం కోడలు: సెట్ చాలా పాతదేనండీ, షుగరూ ఉంది, ఈ రెండూ దీనికి కారణమని మాకు ఎవరూ చెప్పలేదు. పళ్ళకి రుషికొండ గీతం డెంటల్ కాలేజీకి తీసుకెళ్దామా, చర్మానికి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) వెళ్దామా?

గాజువాక పెద్దాయన: ముందు పళ్ళకేనమ్మా. సెట్ సరిగ్గా లేకపోతే ఎన్ని ట్యూబులు రాసినా మళ్ళీ మొదటికే వస్తుంది. షుగర్ రిపోర్టు, ఆవిడ వేసుకునే మాత్రల చీటీ వెంట తీసుకెళ్ళండి.

భీమిలి అమ్మ: మా చిన్నవాడికి పెదాలు నాకే అలవాటు వల్ల వచ్చింది. సముద్రపు గాలికి పెదాలు ఆరాయని నాకుతాడు, నాకేకొద్దీ ఇంకా చీలతాయి. బడికి పంపే ముందు, పడుకునే ముందు వాజలీన్ రాస్తున్నాను, వాడి తువ్వాలు విడిగా పెట్టాను, ఇప్పుడు బాగానే ఉంది.